దూది పహిల్వాన్ పాలలో కలిపింది ఎవరు?

ఆ రోజుల్లో నాలుగు అక్షరాలు వచ్చిన ప్రతి కుర్రవాడూ రెండింటిలో ఏదో ఒకటి రాసేవాడు: ప్రేమలేఖైనా, డిటెక్టివ్ నవలైనా. మొదటిదానికి అవతల ఒక మనిషి ఉండాలి. నాకు అట్లాంటి వసతి లేదు గనుక రెండోదానికి దిగాను. ఇప్పుడు మా మనుమలను చుట్టూ కూర్చోబెట్టుకుని 'మీ తాత వంద డిటెక్టివ్ నవలలు రాశాడురా' అని చెబుతుంటాను. (వంద కాదు, పది. పది కూడా కాదు. మూడు మొదలుపెట్టాను. రెండు మొదటి హత్య దగ్గరే ఆగిపోయాయి, ఎందుకంటే చచ్చినవాడు ఎందుకు చచ్చాడో నాకు తోచలేదు. మూడోది చివరిదాకా పోయింది గానీ, ఎట్లా పోయిందో చెప్పడానికే ఇదంతా.)

మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఇల్లు. 'మగ్గం గుంతల దిగితె నీ నడుం పోతది బిడ్డా, సదువుకో' అని మా బాపు బలవంతాన మెట్రిక్ దాకా తోశాడు. ఆ పట్టా చూపించుకుంటూ ఆదిలాబాదుకు వచ్చి ఒక పత్తి మిల్లులో కాంటా గుమాస్తాగా కుదిరాను. రాష్ట్రం కొత్తగా ఆంధ్రప్రదేశ్ అయిన రోజులు. ఊళ్ల నుంచి పత్తి బండ్లు వచ్చేవి, నేను తూకం చూసి రాసేవాణ్ణి. ఒక బండికీ ఇంకో బండికీ నడుమ దొరికిన సందులో నవల రాసేవాణ్ణి. సాయంత్రం పని దిగాక మిల్లు గేటు ఎదుటి చాయ్ హోటల్లో బెంచీ ఎక్కి, ఆనాడు రాసింది చదివి వినిపించేవాణ్ణి. వందలమంది వినేవారు. (హోటల్లో బెంచీలు మూడే. నాలుగోది విరిగి గోడకు ఆనించి ఉండేది.)

నా డిటెక్టివు మొదట్లో లండనులో ఉండేవాడు. పొడుగాటి ఓవర్‌కోటు, నోట్లో పైపు, చుట్టూ దట్టమైన పొగమంచు. ఇవేవీ నేను కంటితో చూసినవి కావు, మంచు తప్ప. అది కూడా ఉట్నూరు దారిలో ఒకసారి. మిల్లులో బేళ్లు మోసే హమాలీలు చాలా ఓపికతో విన్నారు. ఒకనాడు వాళ్లలో ఒకడు చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అడిగాడు: "సారూ, గా ఊర్ల కుస్తీలు ఐతయా?" లేదన్నాను. "మరి గంత పెద్ద ఊర్ల మనుషులు ఏం జేస్తరు పొద్దుగూకంగ?" అన్నాడు. మర్నాటికి బెంచీలు సగం ఖాళీ. రచయితకు అంతకన్నా స్పష్టమైన సమీక్ష ఉండదు. వెంటనే నా డిటెక్టివును రైలెక్కించి ఆదిలాబాదులో దించాను. హోలీ దగ్గరపడుతున్న ఎండల్లో దిగిన మనిషి ఒంటి మీది ఓవర్‌కోటు తీయించడం మాత్రం మరిచిపోయాను. "పాపం, ఆయన గా కోటు ఎప్పుడిడుస్తడు సారూ, ఉడుకపోస్తలేదా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు.

హోలీకి మా దగ్గర కుస్తీలు ఉండేవి. చిన్న పిల్లల జోడీకి కొబ్బరికాయ బహుమానం, వాళ్లకన్నా పెద్దవాళ్లకు రుమాలు, అట్లా పెరుగుతూ పెరుగుతూ ఆఖరి కుస్తీకి వెండి కడియం. ఆ కడియం కుస్తీ మీద ఊరు ఊరంతా పందేలు కాసేది. పందెం చట్టానికి విరుద్ధం. అందుకని పందేలన్నీ మా చాయ్ హోటల్ యజమాని దగ్గర హనుమంతుడి మొక్కుల రూపంలో నడిచేవి. "మామా, మనోని పేరు మీద ఐదు కొబ్బరికాయలు మొక్కుకున్న" అంటే ఏమిటో చాయ్ తాగే ప్రతివాడికీ తెలుసు, పక్క బెంచీ మీద కూర్చున్న పోలీసు జవానుకు కూడా తెలుసు. ఆ జవాను కూడా మంచి భక్తుడు. ఈ కారణంగా హోటల్ యజమానిని అందరూ కొబ్బరి మామ అనేవారు. ఆయన అమ్మిన కొబ్బరికాయ ఒక్కటి కూడా నేను చూడలేదు.

కడియం మా మిల్లుదే. రెండేళ్లుగా దాన్ని గెలుస్తున్నది మా హమాలీ ఒకడు. దూదిబేళ్లు మోసీ మోసీ జుట్టులో, కనుబొమ్మల్లో, మీసంలో ఎప్పుడూ దూది పోగులు వేలాడుతుండేవి గనుక అతన్ని దూది పహిల్వాన్ అనేవారు. బేలును వీపు మీద వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే నిచ్చెన మూలిగేది గానీ అతను మూలిగేవాడు కాదు. కడియం తెచ్చినన్నాళ్లు మిల్లు సేటు అతనికి పాలు, బాదం, నెయ్యి ఖురాకు కట్టేవాడు, మధ్యాహ్నం తర్వాత బేళ్లు మోసే పని ఉండేది కాదు. కుస్తీ ఓడిన రోజున ఖురాకు బంద్, మళ్లీ పొద్దుందాకా బేళ్లు. ఆ ఏడు పెన్‌గంగ నదికి అవతల, పక్క రాష్ట్రం నుంచి ఒక కొత్త పహిల్వాన్ వస్తున్నాడని, వాడు చేతులతోనే చెరకు పిండుతాడని కబురు. పందేలు వేడెక్కాయి. నాకు నవల దొరికింది.

కథ ఇది. ఒక ఊళ్లో ఒక పహిల్వాన్. అతను తప్పక గెలుస్తాడని ఊరంతా పందెం కాసింది. కుస్తీకి ముందు ఎవరో అతని పాలలో ఏదో కలుపుతున్నారు. రోజురోజుకీ అతని ఒంట్లో బలం పోతోంది. కలిపేది ఎవరు? డిటెక్టివు అందరినీ అనుమానించాలి, అది డిటెక్టివు ధర్మం. పాలు కాచే తల్లి వెనుకకు చూసి చూసి ఎందుకు కాస్తోంది? బాదం నూరే ఉస్తాద్ చేతి గుడ్డలో ఏముంది? ఉట్నూరు నుంచి నెయ్యి తెచ్చే బావ దారిలో ఎవరితో మాట్లాడాడు? (బర్రెను కూడా అనుమానించవచ్చునని ఒకచోట సూచించాను. ఎవరూ పట్టించుకోలేదు.) ఇంటి మనుషులను నేను ఎక్కడ నుంచి తెచ్చానో చెప్పనక్కరలేదు. దూది పహిల్వాన్‌కు తల్లి ఉంది, కుస్తీ నేర్పే తాలీంలో ఉస్తాద్ ఉన్నాడు, ఉట్నూరులో అక్క మొగుడు ఉన్నాడు. కష్టపడి ఇంకొకరిని కల్పించేంత తీరిక పత్తి బండ్లు నాకు ఇవ్వలేదు. బెంచీలు నిండాయి. నాలుగోదాన్ని కూడా రాళ్లు పెట్టి నిలబెట్టారు.

నేను ఊహించనిదేమిటంటే, దూది పహిల్వాన్ ఖురాకు మానేయడం. అతను హోటల్ లోపలికి రాడు, గడప మీద కూర్చుని వింటాడు. పాల అధ్యాయం విన్న మర్నాడు తల్లి ఇచ్చిన పాల చెంబు వైపు చాలాసేపు చూసి, 'ఆకలైతలేదవ్వా' అని లేచిపోయాడట. ఆ మర్నాడు ఉస్తాద్ నూరిన బాదం ముట్టలేదు. నెయ్యి డబ్బాను చూస్తేనే ముఖం తిప్పుకున్నాడు. తర్వాత అన్నం, రొట్టె, పప్పు అన్నీ బంద్. తొక్క ఉన్నవి మాత్రం తినేవాడు. తొక్క లోపల ఎవరూ ఏమీ కలపలేరని అతని లెక్క. అరటిపండ్లు, పల్లికాయలు, ఉడికించిన గుడ్లు, నాగపూరు సంత్రాలు. అవి కూడా తొక్కకు ఎక్కడైనా చిల్లు ఉందా అని ఎండలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి తినేవాడు. ఆలోచిస్తే నా డిటెక్టివు కన్నా అతనే నయం. అంత శాస్త్రీయమైన పద్ధతి ఆ ఓవర్‌కోటు మనిషికి ఎన్నడూ తోచలేదు.

ఒక మధ్యాహ్నం అతని తల్లి కొడుకును చేయి పట్టుకుని కాంటా దగ్గరికి లాక్కొచ్చింది. "ఎక్కుర దీని మీద" అంది. పత్తి బోరా పెట్టే పళ్లెం మీద అతను ఎక్కి నిలబడ్డాడు. "జూడు సారూ. పోయిన నెల ఎంతుండె, గిప్పుడెంతున్నడు. నీ కండ్లతోటి నువ్వే జూడు." చూశాను. ముల్లు నేను చూడదలుచుకున్న చోట నిలబడలేదు. "నా చేతి రొట్టె ముట్టుకుంటలేడు సారూ. తొమ్మిది నెలలు మోసి కన్న. నేనిచ్చిన తల్లిపాలల్ల గుడ ఏమన్న కలిపిన్నా అని అడుగు వీణ్ని. ఏందిర, మాట్లాడవేంది?"

పహిల్వాన్ పళ్లెం మీదనే నిలబడి నేల చూపులు చూస్తూ, "కథల అట్లనే ఉన్నది గదవ్వా" అన్నాడు.

"కథల ఉన్నదంటడు! సారూ, నీ కాల్మొక్త, పాపం ఎవరి మీదనన్న పెట్టుకో, నా మీద పెట్టకు. ముందుగాల నన్ను కథల నుంచి ఎల్లగొట్టు."

నేను అప్పటికప్పుడే తల్లిని నిర్దోషిగా విడుదల చేశాను. సాయంత్రం చదివేటప్పుడు డిటెక్టివు ఆమె వంటింట్లో దూరి, ఆమె వెనుకకు చూసేది పిల్లి భయంతోనని కనిపెట్టాడు. అంతటితో పోతుందనుకున్నాను. మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. ఎర్రటి గోరింట గడ్డం, చెవులు రెండూ నలిగి తిరిగిన మనిషి. "అరె భాయ్, నువ్వు పుట్టకముందుసంది బాదం నూరుతున్న. ఎంతమంది పహిల్వాన్లను తయార్ జేసిన! నీ కితాబుల నన్ను చోర్ జేస్తవా? తాలీంల పోరగాండ్లు నన్ను జూసి ముసిముసి నవ్వుతుండ్రు." ఆ చేతులు చూశాక నేను వాదించలేదు. ఆయనా విడుదల. ఆ తర్వాత ఉట్నూరు నుంచి బావ ప్రత్యేకంగా దిగాడు. ఆయన రోజంతా కాంటా పక్కన గొడ్డలి భుజాన వేసుకుని కూర్చున్నాడు. (గొడ్డలి అని ఇప్పుడు చెబుతున్నాను గానీ అది కొడవలి కావచ్చు. చేతికర్ర కూడా కావచ్చు. నేను సరిగా చూడలేదు.) సాయంత్రానికి బావ కూడా నిర్దోషి. ఇట్లా ఒకరి తర్వాత ఒకరికి దరఖాస్తు మీద దరఖాస్తు మంజూరు చేసుకుంటూ పోయేసరికి నా నవలలో నేరం మాత్రం మిగిలింది, నేరస్థుడు మిగల్లేదు.

అనుమానాలు ఇట్లా ఒక్కొక్కటిగా తీరిపోవడం కొబ్బరి మామకు నచ్చలేదు. సగం ఊరు నా కథను లోపలి కబురనుకుంది. 'గుమాస్తాకు మిల్లు సేటు రహస్యాలు ఎరుక, ఊకనే రాస్తడా' అని మొక్కులన్నీ నది అవతలి పహిల్వాన్ వైపు తిప్పుకుంది. మిగతా సగం పౌరుషం కొద్దీ మనవాడి మీదనే ఇంకా ఎక్కువ మొక్కుకుంది. మామ నా చెవి దగ్గర మూతి పెట్టి, "జర ఆగు సారూ, గిప్పుడే జెప్పకు. హనుమంతునికి గింత భక్తి నేను ఎన్నడు సూడలే" అన్నాడు. చాయ్ కూడా ఉచితంగా పోశాడు. నేను తాగాను.

కుస్తీ రేపనగా పహిల్వాన్ స్వయంగా కాంటా దగ్గరికి వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి, మీసంలో దూది మాత్రం యథాప్రకారం ఉంది. ముందు కాసేపు నిలబడి కాలి బొటనవేలితో నేల గీకాడు.

"గుమాస్తా సార్. ఒక్క ముచ్చట అడుగుతా, ఏమనుకోవు గద?"

"అడుగు."

"అవ్వ మంచిదేనంటివి. ఉస్తాద్ మంచోడేనంటివి. బావ గుడ మంచోడేనంటివి. అందరు మంచోళ్లే అయితె, మరి కలిపిందెవడు?"

"ఎవ్వడు కలుపలేదయ్య. అది కథ."

"కథ అని నాకు ఎరుకే. గా కథల కలిపిందెవడు?"

"నాకు గుడ తెల్వది."

అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. కోపం కాదు. అబద్ధమాడుతున్న పెద్దమనిషిని చూసి సిగ్గుపడే చూపు. "రాసెటోనివి నీకే తెల్వకుంటె ఇంకెవనికి తెలుస్తది సార్?" అన్నాడు మెల్లగా. "ఇగ ఒక్క రాత్రే ఉన్నది. ఆకలైతుంది. వాడెవడో తెలిస్తె, వాడు ఇచ్చింది వదిలిపెట్టి మిగిలిందంత తింట." సాహిత్య ప్రయోజనం గురించి ఆ తర్వాత చాలా సభల్లో ఉపన్యాసాలు విన్నాను, నేను కూడా ఇచ్చాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం హోటల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. (బెంచీలు నాలుగే, కానీ ఆనాడు నిజంగానే బజారు దాకా నిలబడ్డారు.) నా చేతిలో ఉన్నవి తెల్ల కాగితాలు. ఊరికే అటూ ఇటూ తిప్పుతూ చదువుతున్నట్టు నటించాను. పహిల్వాన్ గడప మీద కూర్చుని సంత్రా తొక్క తీస్తున్నాడు. డిటెక్టివును మిల్లు వాకిట్లో నిలబెట్టాను. కోటు జేబుల్లో చేతులు పెట్టించాను. తల్లి వైపు చూశాడు, కాదన్నాడు. ఉస్తాద్ వైపు చూశాడు, కాదన్నాడు. బావ, సేటు, పాలిచ్చే బర్రె, ఎవరూ కాదన్నాడు. అతని చూపు ఎవరి మీద వాలాలో నాకు తెలియడం లేదు. ఊళ్లో అన్నం పెట్టేవాడెవడినీ చూపడానికి వీల్లేదు. పహిల్వాన్‌కు ఏమీ పెట్టనివాడు, ఎన్నడూ పెట్టబోనివాడు, వాడి మీద కోపం వచ్చినా ఒక పూట ముద్ద తగ్గనివాడు కావాలి. అట్లాంటివాణ్ణి వెతుక్కుంటూ ఆ ఓవర్‌కోటు మెల్లగా నా వైపు తిరిగింది.

"దొంగ ఎవడో కాదు," అన్నాను, "పొద్దంతా కాంటా దగ్గర కూర్చుని తూకం రాసే గుమాస్తా."

చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడే ఆగాయి. జవాను మొదట తేరుకుని, "మరి నిన్ను గిప్పుడు పట్టుకపోవాల్నా ఏంది?" అని అడిగాడు. పహిల్వాన్ లేచి నిలబడ్డాడు, గడప అంతా చీకటైంది.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకు?"

డిటెక్టివ్ నవలలో చివరి అధ్యాయంలో ఎందుకు అన్నదానికి జవాబు ఉండాలి. అది నేను ఆలోచించుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "నువ్వు బజార్ల పోతుంటె అందరు నిలబడి నిన్నే జూస్తరు. నీ వెనకనే నేను గుడ పోతుంట. నన్ను ఒక్కడు జూడడు. గందుకే."

"గంతేనా?"

"గంతే."

అతను చేతిలో మిగిలిన సంత్రా తొనలు నా అరచేతిలో పెట్టి, తల వంచి గడప దాటి ఇంటికి పోయాడు. ఆ రాత్రి జొన్నరొట్టెలు చేసీ చేసీ చేతులు నొచ్చాయని, పిండి గంప అడుగు కనిపించిందని తల్లి తెల్లవారి అందరికీ చెప్పుకుంది. కొబ్బరి మామ మాత్రం దిగులుగా, "మంచి ముచ్చటే గని, నిన్ను నువ్వే పట్టిచ్చుకుంటివి సారూ. ఇంకోన్ని పట్టియ్యకపోతివి?" అన్నాడు. ఆ ఆఖరి అధ్యాయం కాగితం మీద ఎన్నడూ పడలేదు. బెజవాడ ప్రచురణకర్తలు దానికోసం కొట్టుకున్నారని లోగడ ఒకరిద్దరికి చెప్పాను. అది నిజం కాదు.

మర్నాడు కుస్తీ. నది అవతలి పహిల్వాన్ బరిలోకి దిగాడు. మనిషి మంచి ఎత్తరి, చేతులు గూటాల్లా ఉన్నాయి గానీ కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు చేయి వేసి, తలకు తల ఆనించి, ఎంతసేపటికీ కదలకుండా నిలబడ్డారు. 'ఎంత దిమాకుతోటి ఆడుతుండ్రు' అని జనం మెచ్చుకున్నారు. నా పక్కన కూర్చున్న ఉస్తాద్ మాత్రం గడ్డం గోక్కుంటూ, "దిమాకు గాదు బేటా, వాడు గుడ ఉపాసమే" అన్నాడు. సంగతేమిటంటే, ఆదిలాబాదులో పాలలో ఏదో కలుపుతారట అన్న కబురు నది దాటి పోయింది. ఆ మనిషి వచ్చిన దగ్గర నుంచి మా ఊరి నీళ్లు తప్ప ఏదీ ముట్టకుండా, వెంట తెచ్చుకున్న సంత్రాల మీదనే బతుకుతున్నాడట. నా జీవితంలో రాష్ట్రం ఎల్లలు దాటిన రచన అదొక్కటే. రెండు ఆకలి కడుపుల మధ్య ఒక రాత్రి జొన్నరొట్టెలు తేడా తెచ్చాయి. పొద్దు వాలే వేళకు అవతలివాడి మోకాళ్లు మెత్తబడ్డాయి. మనవాడు ఒక్కసారి ఒంగి, బేలును ఎత్తినట్టే ఎత్తి, బేలును దించినట్టే మెల్లగా వెల్లకిలా దించాడు. చిత్!

డప్పులు, గులాలు, ఈలలు. సేటు కడియం తొడిగి, ఖురాకు యథాప్రకారం నడుస్తుందని అందరూ వినేట్టు చెప్పాడు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను మెల్లగా జారుకుందామని చూస్తుండగా వెనుక నుంచి రెండు చేతులు నా నడుం పట్టుకున్నాయి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పాలలో కలిపినవాణ్ణి పహిల్వాన్ ఏం చేస్తాడో ఏ నవలలోనైనా ఒకటే రాస్తారు. కళ్లు తెరిచేసరికి నేను అతని భుజం మీద ఉన్నాను.

"సూడుండ్రి!" అని అరిచాడు, మట్టి, గులాలు, చెమట కలిసిన ముఖంతో. "మా గుమాస్తా సార్‌ను గుడ సూడుండ్రి!"

ఊరంతా నన్నే చూసిందని రాయాలని చెయ్యి గుంజుతోంది. యాభై ఏళ్లుగా అట్లాగే చెబుతున్నాను కూడా. కానీ అవతలివాడి వీపు నేలకు తగలగానే గెలిచినవాళ్లు కొబ్బరికాయల కోసం మామ మీదికి ఉరికారు. ఓడినవాళ్లు, దొంగను ఆఖరికి మార్చి కథ మోసం చేసిందనీ తమ మొక్కులు చెల్లవనీ వాదించడానికి మామ మీదికే ఉరికారు. మామ చెప్పులు వదిలి మిల్లు వైపు పరుగు, వెనుక జనం, జనం వెనుక జవాను. నేను ఎంతో ఎత్తు నుంచి చూసింది ఊరి వీపులు మాత్రమే. మైదానంలో మిగిలింది లుంగీ మట్టి దులుపుకుంటున్న ఉస్తాద్, కొబ్బరి చిప్పలు నాకుతున్న ఒక మేక, నోరు తెరిచి మమ్మల్ని చూస్తున్న తల్లి.

"దించుర, సారు కండ్లు తిరుగుతయ్" అంది ఆమె.

అతను దించలేదు. అన్నాళ్లు తొక్కలు వలుచుకుని బతికినవాడు, అప్పుడే కుస్తీ పట్టినవాడు, కాళ్లు కొద్దిగా వణుకుతున్నా నన్ను ఇంకాస్త పైకి సర్దుకుని, జనం పోయిన దిక్కే చూస్తూ నిలబడ్డాడు.

"అందరు మల్ల ఇటే అస్తరు సార్. జరసేపు కూసో" అన్నాడు.

కూర్చున్నాను.